చమురు కంపెనీ గాలి, ఎండ మీద పెట్టుబడి పెడతానంటే ఏం చూసి నమ్మాలి? (బీపీ విషయం)

తూర్పుగాలి:

బ్రిటన్ చమురు కంపెనీ బీపీ సంగతి లోతుగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. 2020లో బెర్నార్డ్ లూనీ సీఈఓగా రాగానే 2050 కల్లా నికర ఉద్గారాలు సున్నాకి తెస్తామన్నారు. ఆ ఆగస్టులోనే ఇంకా ముందుకు వెళ్లి, 2030 నాటికి చమురు, గ్యాస్ ఉత్పత్తిని 2019తో పోలిస్తే 40 శాతం తగ్గిస్తాం, పునరుత్పాదక విద్యుత్తును 50 గిగావాట్లకు తీసుకెళ్తాం అని ప్రకటించారు. అంత పెద్ద చమురు కంపెనీ తన ఉత్పత్తిని తానే తగ్గించుకుంటాననడం మామూలు విషయం కాదు, అప్పుడు నిజంగానే సంతోషపడ్డాను. 2023 ఫిబ్రవరికి ఆ 40 కాస్తా 25 అయింది. 2025 ఫిబ్రవరిలో ఆయన తర్వాత వచ్చిన ముర్రే ఆకిన్‌క్లాస్ చమురు, గ్యాస్ మీద ఏడాదికి 1,000 కోట్ల డాలర్లు పెడతాం, ఇంధన మార్పు (చమురు నుంచి గాలి, ఎండ లాంటి శుద్ధ ఇంధనాలకు మారడం) కోసం అనుకున్న ఖర్చులో ఏడాదికి 500 కోట్ల డాలర్లకు పైగా తగ్గిస్తాం అన్నారు.

ఇదంతా మొదటి నుంచీ ప్రచారమేనా, లేక నిజంగా ప్రయత్నించి లెక్క కుదరక వదిలేశారా? రేపు ఇంకో కంపెనీ ఇలాంటి మాటే చెబితే దేన్ని చూసి నమ్మాలి? వాతావరణం గురించి ఆందోళన పడేవాడిగా అడుగుతున్నాను, షేర్లు కొనడానికి కాదు.

పద్దులపుస్తకం:

ప్రచారమే అంటే నేను ఒప్పుకోను. ప్రచారం కోసం ఎవరూ వాటాదారులకి పంచే లాభం, అంటే డివిడెండ్, సగానికి కోయరండి, 2020 ఆగస్టులో బీపీ ఆ పని కూడా చేసింది. డబ్బు కూడా నిజంగానే పెట్టారు. అమెరికా తూర్పు తీరంలో ఎంపైర్ విండ్, బీకన్ విండ్ అనే రెండు సముద్రపు పవన విద్యుత్ ప్రాజెక్టుల్లో సగం వాటా కోసం నార్వే కంపెనీ ఈక్వినార్‌కి 110 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

దెబ్బ పడింది అక్కడే. గాలిమరలకు ఇంధనం ఖర్చు ఉండదు, కానీ దాదాపు ఖర్చంతా మొదట్లోనే పెట్టేయాలి, ఆ డబ్బు చాలావరకు అప్పుగా తెస్తారు, కరెంటు అమ్మే ధర మాత్రం కట్టడం మొదలుకాకముందే ఒప్పందంలో ఖరారైపోతుంది. ఆ తర్వాత ఉక్కు, టర్బైన్ల ధరలు పెరిగాయి, వడ్డీ రేట్లు ఇంకా వేగంగా పెరిగాయి, ధర మాత్రం కదలదు. ధర పెంచమని అడిగితే 2023 అక్టోబరులో న్యూయార్క్ నియంత్రణ అధికారులు కుదరదన్నారు, దాంతో బీపీ 54 కోట్ల డాలర్లు, ఈక్వినార్ 30 కోట్ల డాలర్లు తమ ఆస్తుల విలువలోంచి తగ్గించి నష్టంగా రాసుకోవాల్సి వచ్చింది.

ఇంకోపక్క చమురు ఏం చేసిందో చూడండి. రష్యా-ఉక్రెయిన్ యుద్ధంతో ధరలు ఎగిసి 2022లో బీపీకి దాదాపు 2,770 కోట్ల డాలర్ల రికార్డు లాభం వచ్చింది. పునరుత్పాదక విద్యుత్తులో 6 నుంచి 8 శాతం రాబడి ఆశిస్తున్నామని, చమురు, గ్యాస్‌లో 15 నుంచి 20 శాతం అని 2023లో బీపీయే చెప్పింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక వాటాదారుడు ఏది అడుగుతాడో చెప్పక్కర్లేదు. షెల్, ఎక్సాన్‌తో పోలిస్తే షేరు ధర వెనకబడింది, ఎలియట్ మేనేజ్‌మెంట్ లాంటి ఒత్తిడి తెచ్చే ఫండు వచ్చి వాటా కొంది. 2025 ప్రకటన వచ్చింది ఆ ఒత్తిడిలోనే.

గాలిమర:

పైన చెప్పిన లెక్క సరైనదే, కానీ బీపీకి ఇది మొదటిసారి కాదు, అది కూడా చూడాలి కదా. 1997లో అప్పటి అధిపతి జాన్ బ్రౌన్ స్టాన్‌ఫోర్డ్‌లో మాట్లాడుతూ వాతావరణ మార్పు గురించి ఇప్పుడే ఆలోచించాలని బాహాటంగా అన్నాడు, పెద్ద చమురు కంపెనీల్లో అలా మాట్లాడినవాళ్లు అప్పటికి లేరు. 2000లో పాత డాలు గుర్తు తీసేసి ఆకుపచ్చ, పసుపు రంగుల సూర్యుడి గుర్తు పెట్టుకుని, "పెట్రోలియంకి ఆవల" అనే అర్థం వచ్చే నినాదం తెచ్చారు. 2011 చివర్లో ఏమైంది? బీపీ సోలార్ మూసేశారు. సౌర ఫలకాల ధరలు పడిపోయాయి, ఆ వ్యాపారంలో లాభం లేదన్నారు. ప్రపంచానికి సౌర విద్యుత్తు చవకవుతున్న సమయంలోనే వీళ్లు బయటికి వచ్చేశారు, నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

ఏం చూడాలి అన్నారు కదా. నేను ముందు చూసేది మొత్తం మూలధన వ్యయంలో (ప్రాజెక్టుల మీద పెట్టే పెట్టుబడిలో) శుద్ధ ఇంధనం వాటా ఎంత అని. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023 నవంబరు నివేదికలో చమురు, గ్యాస్ కంపెనీలన్నీ కలిపి 2022లో తమ పెట్టుబడి వ్యయంలో శుద్ధ ఇంధనం మీద పెట్టింది సుమారు 2.5 శాతమేనని చెప్పింది, ప్రపంచం మొత్తం శుద్ధ ఇంధన పెట్టుబడిలో వాళ్ల వాటా ఒక్క శాతం! ఇన్నేళ్ల ప్రకటనలు, రంగులు, లోగోలు అన్నీ కలిపి ఇంతే.

తర్వాత ఆ వాటాలో ఏమేం కలిపారో చూడాలి. బీపీ "మార్పు వ్యాపారాలు" అని చెప్పిన జాబితాలో పునరుత్పాదక విద్యుత్తు, హైడ్రోజన్, జీవ ఇంధనం, ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌తో పాటు పెట్రోలు బంకుల పక్కన ఉండే దుకాణాలు కూడా ఉన్నాయి. నిజంగా ఉన్నాయి, వాళ్ల నివేదికల్లోనే ఉంటుంది. ఇక ఆ 50 గిగావాట్లు కూడా నడుస్తున్న కరెంటు కాదు, కట్టాలని తుది పెట్టుబడి నిర్ణయం తీసుకున్న సామర్థ్యం. వార్తలో మాత్రం 50 అనే అంకె ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి నిర్ణయించింది ఎంత, నిజంగా తిరుగుతున్నది ఎంత, అందులో కంపెనీ సొంత వాటా ఎంత అని మూడూ విడివిడిగా అడగాలి.

తీరందీపం:

నాది కాస్త వేరే అభిప్రాయం. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే వీళ్ల దగ్గర ఉన్న పనితనం కనపడదు. నడిసముద్రంలో తుఫానుల మధ్య వేల టన్నుల ఉక్కు నిర్మాణాన్ని నిలబెట్టడం తెలిసింది వీళ్లకే. ఈక్వినార్ 2017లో స్కాట్లాండ్ దగ్గర మొదలుపెట్టిన హైవిండ్ ప్రపంచంలోనే మొదటి తేలియాడే పవన విద్యుత్ కేంద్రం, 5 టర్బైన్లు, 30 మెగావాట్లు. అడుగున బరువు నింపిన నిలువు ఉక్కు గొట్టం మీద టర్బైన్ నిలబెట్టి, గొలుసులతో సముద్రపు అడుగుకి కడతారు. ఇలా తేల్చి కట్టే పద్ధతి చమురు ప్లాట్‌ఫాంల నుంచి వచ్చిందే. లోతైన సముద్రంలో గాలిని వాడుకోవాలంటే ఈ జ్ఞానం కావాలి, వీళ్లని దూరం పెడితే నష్టం మనకే.

గాలిమర:

పనితనం విషయంలో మీ మాట నిజం తీరందీపం గారూ, కానీ అదే కంపెనీ తర్వాత కట్టిన హైవిండ్ టాంపెన్ సంగతి చూడండి. 11 టర్బైన్లు, 88 మెగావాట్లు, ఆ కరెంటు వెళ్లేది స్నోరె, గుల్‌ఫాక్స్ చమురు ప్లాట్‌ఫాంలకి. వాటి ఏడాది అవసరంలో దాదాపు 35 శాతం. అంటే ప్లాట్‌ఫాం మీద గ్యాస్ కాల్చడం తగ్గుతుంది, మంచిదే. కానీ పైకి తీసిన చమురుని వాహనాల్లో, విమానాల్లో మండించినప్పుడు వచ్చే ఉద్గారం ఒక్క గ్రాము కూడా తగ్గదు, అసలు పెద్ద భాగం అదే. కంపెనీ "మా ఉద్గారాలు తగ్గాయి" అంటే తీయడంలో తగ్గాయా, అమ్మిన చమురు మండితే వచ్చేవి తగ్గాయా అని తప్పకుండా అడగండి.

తూర్పుగాలి:

చాలా థాంక్స్ అండీ, ఆ దుకాణాల సంగతి నాకు అస్సలు తెలీదు. మరి డెన్మార్క్ వాళ్ల ఓర్‌స్టెడ్? అది కూడా ఒకప్పుడు చమురు కంపెనీయే కదా, వాళ్లు ఎలా మారగలిగారు?

పద్దులపుస్తకం:

ఓర్‌స్టెడ్ పాత పేరు డాంగ్ ఎనర్జీ, ఆ పేరులోనే డానిష్ చమురు, సహజ వాయువు ఉన్నాయి. అయితే 2006లో డెన్మార్క్ విద్యుత్ కంపెనీలు కొన్ని అందులో కలిశాయి, అప్పటి నుంచి అది ఎక్కువగా బొగ్గుతో నడిచే కరెంటు కంపెనీ. ప్రపంచంలో మొదటి సముద్రపు పవన విద్యుత్ కేంద్రం విండెబీ, 1991లో కట్టింది, అలా వాళ్ల చేతికే వచ్చింది. కరెంటు అమ్మడం ముందే తెలుసు, బీపీకి ఆ అలవాటు లేదు. సగం పైగా వాటా ప్రభుత్వానిది కాబట్టి పదేళ్లు ఓపిక పట్టగలిగారు. 2017లో చమురు, గ్యాస్ వెలికితీసే వ్యాపారం మొత్తం ఇనియోస్ అనే రసాయనాల కంపెనీకి అమ్మేసి పేరు కూడా మార్చుకున్నారు.

వాళ్లకీ దెబ్బ తగిలింది, బీపీ కంటే గట్టిగానే. 2023 నవంబరులో న్యూజెర్సీ దగ్గర ఓషన్ విండ్ ప్రాజెక్టులు రెండూ ఆపేశారు, 2025లో 6,000 కోట్ల డానిష్ క్రోనర్ల కోసం కొత్త షేర్లు జారీ చేయాల్సి వచ్చింది. కానీ వాళ్లు చమురుకి తిరిగి వెళ్లలేదు, వెళ్లడానికి బావులే లేవు. పాత వ్యాపారాన్ని అమ్మేశారా, ఉంచుకున్నారా అన్నది నా దృష్టిలో ఏ టార్గెట్ కంటే గట్టి సాక్ష్యం.

బీపీ కూడా పూర్తిగా వదల్లేదు లెండి. సముద్రపు పవన విద్యుత్తుని జపాన్ కంపెనీ జెరాతో కలిపి వేరే ఉమ్మడి కంపెనీలో పెట్టింది, సౌర విద్యుత్ కంపెనీ లైట్‌సోర్స్‌ని 2024లో పూర్తిగా కొని, 2025లో దానికి భాగస్వామిని వెతుకుతానంది. తన సొంత డబ్బు తక్కువ పెట్టి, పక్కవాళ్ల డబ్బుతో నడపాలన్న ఆలోచన ఇది. కాబట్టి ఇకమీదట వాళ్ల నివేదికల్లో ఈ ప్రాజెక్టులు కనిపించినా, బీపీ జేబులోంచి వెళ్లింది ఎంతో విడిగా చూడండి, మీరడిగిన ప్రశ్నకి జవాబు ఆ వరుసలోనే ఉంటుంది.