అప్‌డేట్: తమ్ముడి ల్యాప్‌టాప్‌కి 16 జీబీ ర్యామ్ ఖాయం చేశాం

ఇంజినీరింగ్‌లో చేరుతున్న తమ్ముడికి ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే మెమరీ) 8 జీబీ సరిపోతుందా, 16 తీసుకోవాలా, 32కి వెళ్లాలా అని అడిగాను కదా. 16 కొన్నాం.

మీలో ఒకరు చెప్పినట్టు, ముందు నా పాత 8 జీబీ ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ వాడుతోందో చూపేది) తెరిచి చూశాను. క్రోమ్, ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్), ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచేది) కలిపి నడిపితే మెమరీ దాదాపు నిండిపోయింది. ఆపై విండోస్ ర్యామ్‌కి బదులు ఎస్‌ఎస్‌డీని (ఫైళ్లు దాచే స్టోరేజ్, ర్యామ్ కంటే చాలా నెమ్మది) వాడుకోవడం మొదలెట్టి అన్నీ నత్తనడకే. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, గ్రాఫిక్స్‌కి కావలసిన మెమరీ కూడా ఈ ర్యామ్‌లోంచే పోతుందట. దాంతో 8 మాట వదిలేశాం.

32 మీద మావాడికి మోజే కానీ, వాడు చేసేది కోడింగే, వీడియో ఎడిటింగ్ కాదు. ఆ డబ్బుతో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వచ్చింది.

అసలు తేల్చుకోవాల్సింది ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, స్టిక్ మార్చుకునే స్లాట్ ఉందా అన్నది. ఎల్‌పీడీడీఆర్5 (ఒక రకం ర్యామ్) అని రాసి ఉంటే సాధారణంగా అతికించినదే, తర్వాత పెంచలేం. షాపతను మాత్రం "అన్నిట్లోనూ పెంచుకోవచ్చు సార్" అన్నాడు! మేం తీసుకున్నదాంట్లో రెండు స్లాట్లు, రెండు 8 జీబీ స్టిక్‌లు. డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేసి వేగం పెంచడం) కాబట్టి గ్రాఫిక్స్‌కీ మంచిదే. 32 కావాలంటే మాత్రం, స్లాట్లు రెండూ నిండే ఉన్నాయి కాబట్టి, ఉన్న రెండు స్టిక్‌లూ మార్చాలి. అప్పటికి వాడి జీతంతోనే కొనుక్కుంటాడులెండి.