చెల్కలో తీతువు గుడ్లు: ఎంత జాగా వదలాలి?

దేవరకొండ దగ్గర మా ఎర్రచెల్కలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటూ ఏం లేదు, మొరం మీద చిన్న గుంట, అంతే. నాలుగో గుడ్డు కనిపించింది జూన్ 12న. పొదగడానికి 28-30 రోజులు పడుతుంది, పత్తి విత్తనం అన్నాళ్లు ఆగదు.

పోయిన నెల ఇంకో తీతువు జంట పెట్టిన గుడ్లకు గుర్తుగా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతితే మూడో రోజుకే కుక్కలు తినేశాయి. ఈసారి తుమ్మకంప కప్పితే తల్లి సాయంత్రం దాకా దగ్గరికే రాలేదు, తీసేశా. ట్రాక్టర్ ఐదడుగుల దూరంలో పోయినా లేచి అరుస్తోంది; ఇరవై నిమిషాలు గుడ్లు ఎండలోనే. పైన కాకులు. (అపశకునం, తరిమెయ్యమనే పెద్దల గోల వేరే.)

చుట్టూ ఎన్ని గజాలు దున్నకుండా వదిలితే అది లేవకుండా పొదుగుతుంది? చేసి చూసినవాళ్లు చెప్పండి.