షార్ట్‌కట్: అడ్డదారా, సత్వరమార్గమా, ముడా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. ఎక్స్‌పీడీఎఫ్ అనే డాక్యుమెంట్ వ్యూయర్‌లో కీబోర్డు, మౌస్ షార్ట్‌కట్‌లను మనకు తగినట్టు మార్చుకొనే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. షార్ట్‌కట్‌కు అడ్డదారి, దగ్గరిదారి, సత్వరమార్గం అనే మూడు మాటలు కనబడుతున్నాయి. వీటిలో దేనిని వాడమంటారు? సెట్టింగుల ఫైలులో రాయవలసిన బైండ్, అన్‌బైండ్ అనే ఆదేశాలను తెలుగులో ఎలా వివరించాలో కూడా పెద్దలు చెప్పగలరు.

జవాబు

అడ్డదారి అంటే మొదట అడ్డంగా పోయే దగ్గరి దారే. కానీ "అడ్డదారులు తొక్కడం" అన్న వాడుక బలపడ్డాక ఆ మాటకు అక్రమం వాసన అంటుకుంది. "మౌస్‌కు కొత్త అడ్డదారి నేర్పండి" అని రాస్తే చదివేవారు నవ్వుకుంటారు. సత్వరమార్గానికి ఈ దోషం లేదు. డెస్క్‌టాప్ మీద ఉండే షార్ట్‌కట్ బొమ్మకు ఆ మాట చక్కగా అతుకుతుంది కూడా, ఎందుకంటే అది నిజంగానే మనను ఫైలు దగ్గరికి చేరుస్తుంది. మీరు రాస్తున్న విషయంలో మాత్రం దారి అనేదే లేదు.

ఎక్స్‌పీడీఎఫ్ సెట్టింగుల ఫైలులో బైండ్‌తో మొదలయ్యే ఒక్కొక్క వరుసను చూడండి. ఆ మాట తరువాత మీట (కీ) పేరు, దాని తరువాత ఏ సందర్భంలో అది పనిచేయాలన్నది, చివర చేయవలసిన పని వరుసగా వస్తాయి. ఆ పని ఒక్కటే కావలసిన అవసరం కూడా లేదు. తరువాతి పేజీకి పోవడం, పేజీని పెద్దది చేయడం వంటి ఆదేశాలను రెండు మూడు వరుసగా రాస్తే, ఒక్క మీటతో అవన్నీ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. మనం చేస్తున్నదల్లా మీటకూ పనికీ సంబంధం కలపడమే. దీనికి తెలుగులో "ముడిపెట్టు" అనే మాట సిద్ధంగా ఉంది. "పనితీరుకు జీతాన్ని ముడిపెట్టారు" అని పత్రికలు రాస్తే ఎవరికీ వివరించనక్కరలేదు కదా. బైండ్‌కు ముడిపెట్టు అన్నప్పుడు అన్‌బైండ్‌కు "ముడి విప్పు" తనంతట తానే వస్తుంది. సత్వరమార్గాన్ని తొలగించు, రద్దుచేయు, నిష్క్రియం చేయు అంటూ వెతుక్కునే పని తప్పుతుంది.

ముడి విప్పడం ఇక్కడ అలంకారం కోసం చెబుతున్న మాట కాదు. ఎక్స్‌పీడీఎఫ్‌తో వచ్చే ముళ్ళలో చాలావరకు "ఏ సందర్భమైనా సరే" అన్న షరతుతో ఉంటాయి. మీరు ఒక మీట తెరనిండా చూపే స్థితిలో ఒక పని, మామూలు కిటికీలో మరొక పని చేయాలనుకుంటే, ముందుగా ఆ పాత ముడిని విప్పి, ఆ తరువాత రెండు సందర్భాలకూ రెండు ముళ్ళు విడివిడిగా వేయాలి. ఈ వరుసక్రమాన్ని మీ వ్యాసంలో తప్పక రాయండి.

అభ్యంతరం

మీ వాదన బాగుంది కాని, ముడి అనగానే చిక్కుముడి, పీటముడి గుర్తుకు వస్తాయి. అంతకన్నా "సత్వర మీట" అంటే సూటిగా ఉండదా అండీ? నొక్కితే పని జరుగుతుందని పేరులోనే తెలుస్తుంది.

జవాబు

సత్వర మీట కీబోర్డు వరకే సరిపోతుందండీ. మౌస్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట చాలదు. ఎక్స్‌పీడీఎఫ్‌లో మౌస్ బటన్‌ను నొక్కడం ఒక ఘటన, వదలడం మరొక ఘటన. మధ్య బటన్‌ను నొక్కగానే పేజీని పట్టి జరపడం మొదలవుతుంది, వదలగానే ఆగిపోతుంది. ఈ రెండూ రెండు వేర్వేరు ముళ్ళు. మౌస్ చక్రం సంగతి ఇంకా విచిత్రమైనది. లినక్స్ వంటి వాటిలో తెరను, కీబోర్డును, మౌస్‌ను నడిపే ఎక్స్ విండో పద్ధతిలో చక్రాన్ని పైకి తిప్పితే నాలుగో బటన్ నొక్కినట్టు, కిందికి తిప్పితే అయిదో బటన్ నొక్కినట్టు లెక్క. కంట్రోల్ మీటను పట్టుకొని చక్రం తిప్పితే పేజీ పెద్దదీ చిన్నదీ కావడానికి కారణం, ఆ రెండు "బటన్ల"కూ ఆ పనులను ముడిపెట్టి ఉండడమే. తిప్పే చక్రాన్ని మీట అనడం ఎలా కుదురుతుంది? చక్రం తిప్పడాన్ని జూమ్‌కు ముడిపెట్టాం అంటే మాత్రం ఎక్కడా ఇబ్బంది రాదు.

పీటముడి సంగతి అంటారా, ఒకే మీటకు ఒకే సందర్భంలో రెండు చోట్ల రెండు పనులు రాసుకొని ఏది జరుగుతుందో తెలియక తికమకపడేవారికి ఆ మాట కూడా అక్కరకు వస్తుంది!

మరొక సభ్యురాలు

ముడిపెట్టు అన్న మాట నాకూ నచ్చింది. అయితే తెలుగులో టైపు చేసేవారి కోసం ఒక విషయం చేర్చాలి. ముడి దేనికి పడుతోంది, కీబోర్డు మీది మీటకా, ఆ మీట పుట్టించే అక్షరానికా? జతురా వంటి వ్యూయర్లలో పేజీని కిందికి జరపడానికి జె, పైకి జరపడానికి కె, వెతకడానికి ఏటవాలు గీత వాడతారు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఈ మూడు మీటలూ వరుసగా ర, క, య అక్షరాలు. తెలుగు అమరికను మార్చడం మరచి జె నొక్కితే వ్యూయర్‌కు అందేది ర. అక్షరాన్ని చూసి ముడిని గుర్తుపట్టే ప్రోగ్రాము అప్పుడు కదలకుండా కూర్చుంటుంది. ఎక్స్‌పీడీఎఫ్ ముళ్ళలో వాడదగిన అక్షరాలు ఆస్కీ అక్షరాలే (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) కనుక, ర అక్షరానికే ఇంకొక ముడి వేద్దామన్నా వీలు కాదు. బాణం మీటలు, పేజ్ అప్, పేజ్ డౌన్, ఎఫ్ వరుసలోని మీటలు, మౌస్ బటన్లు ఏ భాష అమరికలోనైనా మారవు. తరచుగా చేసే పనులను వీటికే ముడిపెట్టుకోమని మన పాఠకులకు సలహా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. శీర్షికలో షార్ట్‌కట్ అన్న మాటను అలాగే ఉంచుతాను, వెతికేవారు ఆ మాటతోనే వెతుకుతారు కనుక. లోపల మాత్రం మీట, సందర్భం, పని, ముడిపెట్టు, ముడి విప్పు అనే మాటలు వాడతాను. అక్షరానికీ మీటకూ తేడా చెప్పే భాగాన్ని ఎఫ్ వరుస మీటల ఉదాహరణతో మొదట్లోనే చేర్చుతున్నాను. సందర్భం అన్న మాటకు బదులు "స్థితి" వాడితే ఎలా ఉంటుందన్నది ఇంకా తేలలేదు. మౌస్ గురి లింకు మీద ఉండడం, లేకపోవడం కూడా ఎక్స్‌పీడీఎఫ్‌లో సందర్భాలే. వాటిని స్థితి అనడానికి నాకు మనసొప్పడం లేదు.