కణత్వచం లోపలే ప్రొటీన్లను తెంచే ఎంజైములు: వాటి అసలు పని ఏమిటి?

ప్రశ్న:
నేను ఎమ్మెస్సీ జీవరసాయన శాస్త్రం చదువుతున్నాను. ప్రొటీను గొలుసు తెగాలంటే నీటి అణువు తప్పనిసరి కదా, మరి నీటిని దరిచేరనివ్వని కణత్వచపు కొవ్వు పొర మధ్యలో గామా సెక్రిటేజ్ అనే ఎంజైము ఆ పని ఎలా చేయగలుగుతోంది? అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా అనే ప్రొటీను ముక్క దీని కోతవల్లే ఏర్పడుతున్నప్పుడు, ఈ ఎంజైమును పూర్తిగా ఆపివేస్తే సరిపోదా? పెద్దలు వివరించగలరు.

జవాబు 1:
నీటి సంగతి వరకు చెబుతాను. ఇ.కోలై బాక్టీరియాలోని జీఎల్‌పీజీ అనే రాంబాయిడ్ ఎంజైము (పొరలోనే ప్రొటీన్లను తెంచే మరో ఎంజైముల కుటుంబానికి చెందినది) స్ఫటిక నిర్మాణం 2006లో వెలువడింది. దాని ఉత్ప్రేరక స్థానం, అంటే కోత జరిగే చోటు, పొర ఉపరితలానికి కాస్త దిగువన, నీరు చేరగల ఒక గుంటలో ఉన్నట్లు అందులో కనిపించింది. అంటే కోత జరిగేది పొరలోనే అయినా కొవ్వులో కాదు. రాంబాయిడ్లలో కోత కోసేది సీరిన్ అనే అమైనో ఆమ్లం. గామా సెక్రిటేజ్‌లో దాని భాగమైన ప్రెసెనిలిన్‌కు చెందిన రెండు ఆస్పార్టేట్ అమైనో ఆమ్లాలు.

జవాబు 2:
చర్చ ఎప్పుడూ అల్జీమర్స్ చుట్టూనే తిరుగుతుంది గానీ, నా దృష్టిలో ఈ ఎంజైముల పాత్ర తేటగా కనిపించేది కొలెస్టరాల్ నియంత్రణలో. కణంలో కొలెస్టరాల్ తగ్గినప్పుడు ఎస్ఆర్ఈబీపీ అనే ప్రొటీను కణంలోని గాల్జీ అనే భాగానికి చేరుతుంది. అక్కడ సైట్-1 ప్రొటియేజ్ అనే ఎంజైము దానిని పొర వెలుపల ఒకసారి తెంచాక, సైట్-2 ప్రొటియేజ్ పొరలోనే రెండో కోత వేస్తుంది. విడివడిన ముక్క కేంద్రకానికి వెళ్లి, కొలెస్టరాల్ తయారీకీ ఎల్‌డీఎల్ గ్రాహకాలకూ (రక్తంలోని కొలెస్టరాల్ కణికలను కణంలోకి తీసుకునేవి) సంబంధించిన జన్యువులను మేల్కొల్పుతుంది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వేసుకున్నవారి కాలేయంలో ఎల్‌డీఎల్ గ్రాహకాలు పెరిగేది ఈ దారిలోనే.

జవాబు 3:
పూర్తిగా ఆపడమన్నది ఇదివరకే ప్రయత్నించారు. గామా సెక్రిటేజ్ పొరుగు కణాల సంకేతాలను అందుకునే నాచ్ గ్రాహకాన్ని కూడా తెంచుతుంది. ఆ కోత లేకపోతే పొరుగు కణం పంపిన సంకేతం కేంద్రకానికి అందదు, పిండాభివృద్ధిలోనూ చర్మం, పేగు కణాల నిర్వహణలోనూ చిక్కులు వస్తాయి. సెమగసెస్టాట్ అనే నిరోధకంపై జరుగుతున్న పరీక్షలను 2010లో నిలిపివేశారు: మందు తీసుకున్నవారి జ్ఞాపకశక్తి, పనులు చేసుకోగల శక్తి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే దిగజారాయి, చర్మ క్యాన్సర్లు కూడా ఎక్కువగా కనిపించాయి. విచిత్రమేమంటే, ఇదే ఎంజైమును అడ్డుకునే నిరోగసెస్టాట్‌కు 2023లో అమెరికాలో డెస్మాయిడ్ కణితుల చికిత్స కోసం అనుమతి లభించింది. అల్జీమర్స్ విషయంలో మాత్రం, ఎంజైమును ఆపకుండా కోత పడే చోటును జరిపి, 42 అమైనో ఆమ్లాల అమిలాయిడ్ బీటా ముక్కకు బదులు పొట్టి ముక్కలు వచ్చేలా చేసే మందులను పరిశోధకులు అన్వేషిస్తున్నారు.