పాత సీరియల్స్ 55 అంగుళాల టీవీలో ఇంత అధ్వాన్నంగా ఎందుకు కనిపిస్తున్నాయి?

పెంకుటిల్లు:
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ మళ్లీ చూడాలని నాలుగు పేర్లు రాసుకున్నాం: దూరదర్శన్ రామాయణం, శక్తిమాన్, అమృతం, ఇంగ్లిష్‌లో ఫ్రెండ్స్. టీవీ 55 అంగుళాల 4కె. కొన్ని యూట్యూబ్‌లో ఉన్నాయి, కొన్ని వీహెచ్‌ఎస్ క్యాసెట్ల నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినవి.

ఇబ్బందులు ఇవీ. మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు. ఎవరైనా చెయ్యి విసిరితే అంచున దువ్వెన పళ్లలా గీతలు. మాయలు, మంత్రాలు వచ్చేచోట మనిషి చుట్టూ రంగు అంచు కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. క్యాసెట్ కాపీల్లో తెర అడుగున ఒక పట్టీ వణుకుతోంది. ఇక ఫ్రెండ్స్‌లో కొన్ని జోకులు పదకొండేళ్లు, పద్నాలుగేళ్ల పిల్లల పక్కన కూర్చుని చూడలేకపోతున్నాం.

ఇందులో సీరియల్‌కే వయసు మీదపడింది ఎంత? మేం చూసే తీరులో ఉన్న తప్పెంత? సరిచేసుకోగలిగేవి ఏవో చెప్పండి.

యాంటెన్నా_625:
ముందు లావు సంగతి చూద్దాం. అది అన్నిటికన్నా తేలిక.

పాత టీవీ బొమ్మ 4:3, అంటే వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లు. దాన్ని ఇప్పటి 16:9 తెర నిండా సాగదీస్తే వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. అనుమానం వస్తే గోడ గడియారమో, బండి చక్రమో కనిపించేచోట ఆపి స్కేలు పెట్టి కొలవండి. అడ్డం కొలతను నిలువు కొలతతో భాగిస్తే 1.33 వచ్చిందంటే పూర్తిగా సాగదీసినట్టే. గుండ్రంగానే ఉండి తలల పైభాగం, అడుగున పేర్లు తెగిపోయి ఉంటే అది వేరే జబ్బు. తెర నింపడానికి పైనా కిందా కోసేశారు, బొమ్మలో 25 శాతం పోయింది. సాగదీసినదాన్ని వెనక్కి తేవచ్చు, కోసినదాన్ని తేలేం.

సాగదీస్తున్నది ఎవరో తేలాలంటే అదే వీడియోను ఫోన్‌లో పెట్టండి. ఫోన్‌లో రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చి మనుషులు మామూలుగా ఉంటే తప్పు టీవీది. సోనీలో వైడ్ మోడ్‌ను 'నార్మల్'కీ, సామ్‌సంగ్‌లో పిక్చర్ సైజ్‌ను 4:3కీ, ఎల్‌జీలో యాస్పెక్ట్ రేషియోను 'ఒరిజినల్'కీ మార్చండి. మధ్యలో సెట్‌టాప్ బాక్స్ ఉంటే దాని సెట్టింగ్ కూడా చూడాలి. బాక్సే సాగదీసి పంపితే టీవీకి తెలిసే వీలు లేదు.

ఫోన్‌లోనూ లావుగానే ఉంటే అప్‌లోడ్ చేసినవాళ్లే సాగదీశారు. టీవీలోని యాప్‌లో చూస్తున్నప్పుడు చాలా టీవీలు కొలత మార్చనివ్వవు. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో కలిపి, వీడియోను ఫుల్ స్క్రీన్ చేసి, అప్పుడు టీవీని 4:3లో పెట్టండి. సాగిన బొమ్మ అంతే మేర నొక్కుకుని సరైన రూపానికి వస్తుంది.

మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అనే పేర్లతో ఉంటుంది. లేని ఫ్రేములను అది ఊహించి కలుపుతుంది. పాత టేపులోని గరగరను కూడా కదలిక అనుకోవడంతో ముఖాల అంచులు కరిగినట్టు అవుతాయి. పిక్చర్ మోడ్ 'సినిమా'లో ఉంచి, షార్ప్‌నెస్‌ను ఆ మోడ్ ఇచ్చినచోటే వదిలేయండి. 'వివిడ్'లో పెడితే ప్రతి ముఖం చుట్టూ తెల్లటి గీత తేలుతుంది.

కూర్చునే దూరం సంగతి ఎవరూ పట్టించుకోరు. 21 అంగుళాల పాత టీవీ తెర ఎత్తు సుమారు 32 సెంటీమీటర్లు, మీ తెర ఎత్తు 68 పైచిలుకు. పాత టీవీ బొమ్మలో పై నుంచి కిందికి ఉండే అవే 576 అడ్డ గీతలు రెండింతల ఎత్తుకు పరుచుకున్నాయి. అప్పట్లో ఎనిమిది అడుగుల దూరంలో కనిపించినంత నున్నగా ఇప్పుడు కనిపించాలంటే పదిహేడు అడుగులు వెనక్కి జరగాలి. హాల్లో అంత చోటుండదు కాబట్టి సోఫాను పన్నెండు అడుగులకైనా జరిపి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

రీలుడబ్బా:
దువ్వెన పళ్ల సంగతి నేను చెప్తాను. దీన్ని సగం సగం తెలిసి సరిచేయబోయి ఉన్న బొమ్మను పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

మన దేశంలో వాడిన పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. కానీ ఒక్కో ఫ్రేమును రెండు విడతలుగా తీస్తారు, ముందు బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత సరి గీతలు. ఒక్కో విడతను ఫీల్డ్ అంటారు. పాత గాజుబుడ్డి టీవీ కూడా అదే వరసలో గీసేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇప్పటి తెర రెండు విడతలనూ ఒకేసారి చూపిస్తుంది. ఆ యాభయ్యో వంతు సెకనులో చెయ్యి కదిలి ఉంటుంది కదా, అందుకే సరి గీతల్లో చెయ్యి ఒకచోట, బేసి గీతల్లో ఇంకోచోట.

పెన్‌డ్రైవ్ ఫైళ్లకు: వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో మెనూకు వెళ్లి డీఇంటర్‌లేస్ (రెండు విడతలనూ విడదీసి నిండు ఫ్రేములుగా మార్చడం) 'ఆన్' చేసి, డీఇంటర్‌లేస్ మోడ్‌లో 'యాడిఫ్ 2ఎక్స్' ఎంచుకోండి. ఉత్త 'యాడిఫ్' వద్దు. అది 50 విడతల నుంచి 25 ఫ్రేములే ఇస్తుంది, సగం కదలిక పోతుంది. 'బ్లెండ్' అసలే వద్దు, రెండు విడతలనూ కలిపేసి ప్రతి చెయ్యికీ నీడ తగిలిస్తుంది.

ఫైలునే శాశ్వతంగా మార్చుకోవాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చాలు. ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర 'యాడిఫ్' గానీ 'బీడబ్ల్యూడిఫ్' గానీ పెట్టి ప్రీసెట్ 'బాబ్' ఎంచుకోండి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 50, కాన్‌స్టంట్. క్వాలిటీ ఆర్‌ఎఫ్ 18. ఇంతకన్నా పెద్ద అంకె పెడితే టేపు గరగర గడులు గడులుగా మారుతుంది. అసలు ఫైలును మాత్రం తుడిచేయకండి.

యూట్యూబ్‌లో ఉన్నవాటికి మీరు చేయగలిగింది తక్కువ. చాలామంది డీఇంటర్‌లేస్ చేయకుండానే బొమ్మ కొలత మార్చేశారు. 576 గీతలను 480కో 720కో మార్చినప్పుడు సరి, బేసి గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఏ ఫిల్టరూ విడదీయలేదు. కాబట్టి ఒక ఎపిసోడ్‌కు రెండు మూడు అప్‌లోడ్లు ఉంటే, పాటో పరుగో ఉన్నచోట ఆపి పోల్చుకుని గీతలు లేనిదాన్ని ఎంచుకోండి. ఎవరైనా తమ దగ్గరున్న అరుదైన టేపును హక్కుదారుల అనుమతితో పెట్టాలనుకుంటే ఒక్క మాట: యూట్యూబ్ 50 ఫ్రేములను 720 గీతలూ ఆపైన ఉన్న వీడియోలకే ఇస్తుంది. అందుకని డీఇంటర్‌లేస్ అయ్యాక 1440×1080కి పెంచి ఎక్కించాలి. వివరం పెరగదు గానీ కదలిక మిగులుతుంది.

పెంకుటిల్లు:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. లావు సమస్య తీరిపోయింది. పెన్‌డ్రైవ్ ఫైళ్లలో 'యాడిఫ్ 2ఎక్స్' పెడితే చాలావాటికి గీతలు పోయాయి. కానీ రెండు ఫైళ్లలో గీతలు పోయి కొత్త జబ్బు వచ్చింది. మనిషి నడుస్తుంటే ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేసినట్టు వణుకుతున్నాడు.

రీలుడబ్బా:
అది విడతల వరస తారుమారు కావడం. పాల్ డీవీడీలు సాధారణంగా పై విడతతో మొదలవుతాయి, డీవీ క్యామ్‌కార్డర్ ద్వారా ఎక్కించిన టేపులు కింది విడతతో. ఫైల్లో ఆ గుర్తు తప్పుగా ఉంటే ప్లేయర్ తర్వాతి క్షణాన్ని ముందు, ముందరి క్షణాన్ని తర్వాత చూపిస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌లో 'సెట్‌ఫీల్డ్' ఫిల్టర్‌తో వరస మార్చి, ఆ తర్వాతే 'బీడబ్ల్యూడిఫ్' వేయండి. ముందు పది సెకన్ల ముక్క మీద ప్రయత్నించి, నడక సాఫీగా ఉంటే మొత్తం ఫైలు మీద వేయండి.

అడుగున వణికే పట్టీ వీసీఆర్‌లో టేపును చదివే ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు. అది ప్రతి క్యాసెట్‌లోనూ ఉంటుంది. పాత టీవీలు నాలుగు అంచుల్లోనూ కొంత బొమ్మను చట్రం వెనక దాచేసేవి కాబట్టి కనపడలేదు. హ్యాండ్‌బ్రేక్‌లో అడుగున 8 నుంచి 12 గీతలు, రెండు పక్కలా 8 పిక్సెళ్ల చొప్పున కత్తిరించండి.

రంగు అంచుకు మాత్రం మందు లేదు. వెనక రంగు తెర పెట్టి మనిషిని రంగును బట్టే విడదీస్తారు. టేపులో రంగు వివరం వెలుగు వివరం కన్నా బాగా తక్కువ. వీహెచ్‌ఎస్‌లో అయితే వెలుగుకు సుమారు 240 గీతల వివరం ఉంటే రంగుకు 40 మాత్రమే. ఆ మొద్దు రంగుతో గీసిన అంచు మొద్దుగానే ఉంటుంది. టీవీలో కలర్ కొద్దిగా తగ్గిస్తే కంటికి తక్కువ తగులుతుంది, అంతే. శక్తిమాన్ గిరగిరా తిరిగే షాట్లకు ఇదే వర్తిస్తుంది. దాన్ని ఆనాటి పనితనంగానే చూడాలి.

నెగటివ్_పెట్టె:
ఫ్రెండ్స్ ఇంత శుభ్రంగా ఉండి, దానికన్నా తర్వాత వచ్చిన సీరియల్స్ మసకగా ఎందుకున్నాయని చాలామంది అడుగుతారు. తేడా ఏడాదిలో లేదు, దేని మీద తీశారన్నదాంట్లో ఉంది. ఫ్రెండ్స్ 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. నెగటివ్‌ను మళ్లీ స్కాన్ చేస్తే హెచ్‌డీ వస్తుంది. వీడియో టేపు మీద తీసినదానికి 576 గీతలే ఆస్తి.

మధ్యరకం ఇంకొకటుంది. స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్ (1987-94) ఫిల్ము మీదే తీశారు గానీ ఎడిటింగ్, గ్రాఫిక్స్ టేపు మీద చేశారు. హెచ్‌డీ కావాలంటే అసలు నెగటివ్ వెతికి, ప్రతి షాటునూ మళ్లీ అతికి, గ్రాఫిక్స్ మళ్లీ కూర్చాల్సి వచ్చింది. 2012 నుంచి 2014 దాకా ఏడు సీజన్లనూ అలా తెచ్చారు. అదే పద్ధతిలో తయారైన డీప్ స్పేస్ నైన్, వాయేజర్‌లకు మాత్రం ఆ పని జరగలేదు.

హెచ్‌డీ అన్నంత మాత్రాన మేలని కాదు. ఫ్రెండ్స్‌ను 16:9కి మార్చినప్పుడు పక్కల దాచి ఉంచిన భాగం బయటపడి, కొన్ని షాట్లలో నటుల బదులు నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. బఫీ ద వాంపైర్ స్లేయర్ హెచ్‌డీ కాపీలో ఫ్రేము అంచున సిబ్బంది కనిపిస్తారు, పగలు తీసి రాత్రిగా చూపిన సీన్లు పట్టపగల్లా వెలిగిపోతాయి, ఎందుకంటే ఆ చీకటి నెగటివ్‌లో లేదు, తర్వాత కలిపినది. 2021లో సైన్‌ఫెల్డ్ నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చినప్పుడు కోతలో రోడ్డు మీది గుంతే పోయింది, ఆ ఎపిసోడ్ పేరే 'ద పాట్‌హోల్' అయినా. ద సింప్సన్స్‌కూ ఇదే గతి పట్టింది. 2020 మేలో డిస్నీ ప్లస్ 4:3 ఎంపిక ఇచ్చాక బాగుపడింది. కాబట్టి ఎక్కడైనా 4:3 ఎంపిక కనిపిస్తే మొహమాటం లేకుండా అదే పెట్టుకోండి.

సాయంత్రం_సీరియల్:
జోకుల సంగతికొస్తాను. దీనికి సెట్టింగ్ లేదు గానీ పద్ధతి ఉంది.

ఫ్రెండ్స్‌లో ఇబ్బంది పెట్టేవి ఎక్కడెక్కడో చెదురుగా లేవు, మూడు తీగలుగా ఉంటాయి. ట్రాన్స్ మహిళ అయిన చాండ్లర్ తండ్రి మీద జోకులు (7వ సీజన్ 22వ ఎపిసోడ్‌లో ప్రధాన కథే అది), మోనికా ఒకప్పుడు లావుగా ఉండేదన్న వెక్కిరింత (2వ సీజన్ 14, 6వ సీజన్ 15-16), మగవాడు పసిపిల్లల్ని చూసుకుంటే ఎగతాళి (9వ సీజన్ 6). సహ సృష్టికర్త మార్తా కౌఫ్‌మన్ స్వయంగా 2022లో చాండ్లర్ తండ్రి పాత్రను పిలిచిన తీరు తప్పని ఒప్పుకున్నారు. నటవర్గంలో నల్లజాతివారు అంతగా లేకపోవడం మీద పశ్చాత్తాపంతో బ్రాండైస్ యూనివర్సిటీకి 40 లక్షల డాలర్లు ప్రకటించారు.

మీ పిల్లల వయసుకు 7వ సీజన్ 22వ ఎపిసోడ్‌ను ముందు మీరొక్కరే చూసి నిర్ణయించుకోండి. మిగతావి చూపించవచ్చు, అయితే జోకు వచ్చాక ఆపి ఉపన్యాసం ఇవ్వడం కన్నా మొదలుపెట్టేముందే రెండు ముక్కలు చెప్పడం మేలు. ఆ నవ్వుల శబ్దం ఎక్కడ నవ్వాలో చెప్పేస్తుంది. ముందే హెచ్చరిస్తే పిల్లలు ఆ నవ్వుతో పాటు కొట్టుకుపోరు.

అమృతం (2001-07) పరిస్థితి వేరు. భార్యకు భయపడే మొగుడి జోకులు పాతబడ్డాయి, కాదనను. కానీ అమృతం, ఆంజనేయులు వేసే ప్రతి పథకమూ వాళ్ల మీదికే తిరిగిరావడంలో అసలు హాస్యం ఉంది, అది చెక్కుచెదరలేదు. అమృతం పాత్రలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు కనిపిస్తారని పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే తికమకపడతారు. చాలా ఎపిసోడ్లు దేనికది విడి కథ. వరస పట్టుకుని కూర్చోనక్కర్లేదు, బొమ్మ బాగున్న అప్‌లోడ్‌లను ఏరుకోవచ్చు.

రామాయణం (1987-88, 78 భాగాలు) వారానికొకటి చూడటానికి రాసినది. ఒకే మాటకు నలుగురి ముఖాలూ వరసగా చూపించడం చిన్న తెర కోసం, వారం నాటి కథ గుర్తు చేయడం కోసం. ఒకే పూట అయిదు భాగాలు పెడితే ఎవరికైనా విసుగే. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. 2020 మార్చిలో దూరదర్శన్ తిరిగి వేసినప్పుడు కూడా పొద్దున ఒకటి, రాత్రి ఒకటే వేసింది.

నెగటివ్_పెట్టె:
సాయంత్రం గారితో ఒక్కచోట విభేదిస్తాను. 7వ సీజన్ 22వ ఎపిసోడ్‌ను వదిలేయడం కన్నా పద్నాలుగేళ్ల పిల్లకో పిల్లాడికో చూపించడమే మంచిది. 2020 జూన్‌లో పాత బ్రిటిష్ కామెడీ ఫాల్టీ టవర్స్‌లోని 'ద జర్మన్స్' ఎపిసోడ్‌ను ఒక స్ట్రీమింగ్ సేవ తీసేసి, కొద్ది రోజుల్లోనే హెచ్చరికతో తిరిగి పెట్టింది. కోత కన్నా ఆ హెచ్చరికే సరైన దారని నా అభిప్రాయం. పదకొండేళ్ల వారి విషయంలో మాత్రం మీ మాటే నా మాట.

యాంటెన్నా_625:
ఒకటి మరిచాను. 'ఏఐతో 4కె' అని పేరు పెట్టిన పాత సీరియల్ అప్‌లోడ్‌ల జోలికి వెళ్లకండి. లేని వివరాన్ని అది ఊహించి గీస్తుంది. కనిపెట్టడానికి నటుల ముఖాలు కాదు, వెనక గుంపులో ఉన్నవాళ్ల ముఖాలు, చీర అంచులు, గోడ మీది క్యాలెండర్ అక్షరాలు చూడండి. చర్మం మైనంలా నున్నగా ఉండి, అక్షరాలు ఏ భాషకూ చెందని గీతలుగా మారి ఉంటే అదే. దానికన్నా గరగరలాడే 576 గీతల కాపీయే నయం.