భాషా చర్చ: నెహెమ్యా 5లోని ‘నూరవ భాగము’, మన ‘నూటికి రూపాయి’ ఒకటేనా?

గుంపులోని పెద్దలకు, అక్కలకు, అన్నలకు వందనాలు. తిరుపతి నుంచి రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఆరాధన అయినాక మా పిన్నమ్మ చర్చి గేటు దగ్గర నన్ను ఆపింది. “బ్యాంకులో వేసిన దుడ్డుకు వడ్డీ వస్తాండాది. కీర్తనల్లో చూస్తే వడ్డికియ్యనివాడే దేవుని గుడారంలో ఉంటాడని ఉండాది. నేను తీసుకోవచ్చునా, కూడదా?” అనింది. ఆమెకు అరవై అయిదేళ్ళు. బాబాయి పోయినాక చేతికొచ్చిన దాంట్లో నాలుగు లక్షలు ఫిక్స్‌డ్‌లో వేసుకుంది. నెలనెలా మందులకు ఆ వడ్డీయే ఆధారం. చనిపోయిన మనిషి సొమ్ము మీద పాపం అంటుతుందేమోనన్న భయం ఆమె గొంతులో వినిపించింది. అందుకే ఏదో ఒకటి చెప్పి పంపలేకపోయినాను. ఇంటికొచ్చి మాటల వెంట పడినాను.

మొదట ‘వడ్డి’. పాత పుస్తకాల్లోనూ బైబిల్లోనూ ‘వడ్డి’ అనే ఉంటుంది, ఇప్పుడు ‘వడ్డీ’ అని సాగదీసి రాస్తున్నాం. సంస్కృతంలోని ‘వృద్ధి’ ప్రాకృతం మీదుగా మనకు ‘వడ్డి’ అయింది. అంటే పెరగడం. మన మాటలో మంచీ లేదు, చెడ్డా లేదు. కీర్తన 15లో హీబ్రూ మాట మాత్రం ‘నెషెక్’. ‘కరవడం’ అన్న మాటకూ దానికీ ధాతువు ఒకటే. పాము కరిచింది అనడానికి వాడే ధాతువది. కొత్త నిబంధన గ్రీకులో వడ్డీకి ‘తోకోస్’ అంటారు, దాని అసలు అర్థం కాన్పు, సంతానం. “దుడ్డు పిల్లలు పెడుతుందా?” అని మనవాళ్ళు అనేది అదే ఊహ. ఒక భాష పెరుగుదలను చూసింది, ఒకటి పిల్లలను చూసింది, ఒకటి పంటిగాటును చూసింది. ఆ గాటు మాట తెలుగులోకొచ్చేసరికి పెరుగుదల మాట అయిపోయింది కాబట్టి, ఎవరిని కరిచింది అన్న ప్రశ్న మన చెవికి వినిపించకుండా పోయిందని నా అభిప్రాయం.

నిర్గమకాండం 22:25లో ఆ ప్రశ్నకు జవాబుంది. అక్కడ మాట ‘బీదవానికి’. గింజల్లేక చేయి చాచినవాడికి ఇచ్చే అప్పు సంగతి అది. పిన్నమ్మ బ్యాంకులో వేసింది అలాంటి అప్పు కాదు. మత్తయి 25లోని తలాంతుల ఉపమానంలో యజమాని, భూమిలో దాచిపెట్టిన దాసుడితో నా సొమ్ము సాహుకారుల దగ్గర ఉంచి ఉంటే వడ్డితో తీసుకునేవాణ్ణి కదా అంటాడు. ‘సాహుకారు’ మన చెవికి కొత్త కాదు, మా చిన్నప్పుడు అంగడాయన్ను ‘సావుకారు’ అనేవాళ్ళం. గ్రీకులో ఆ మాట ‘త్రపెజ’ నుంచి వచ్చింది, అంటే బల్ల. నాణేల బల్ల వేసుకుని కూర్చునేవాళ్ళు. ఇప్పటికీ గ్రీకువాళ్ళు బ్యాంకును ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇక నన్ను పట్టుకున్న అధ్యాయం పాత నిబంధనలోని నెహెమ్యా 5. కరువులో జనం పొలాలు, ద్రాక్షతోటలు కుదువ పెట్టినారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేసినారు. అక్కడి అధికారి నెహెమ్యా కోపగించి, అప్పిచ్చినవాళ్ళు సొమ్ములో ధాన్యంలో ద్రాక్షారసంలో నూనెలో తీసుకుంటున్న ‘నూరవ భాగము’ తిరిగి ఇచ్చేయమంటాడు. ఆ నూరవ భాగం నెలకు అని చాలామంది వ్యాఖ్యాతల మాట. నెలకు నూరవ భాగమంటే మన చిత్తూరు లెక్కలో నూటికి రూపాయి వడ్డీ కాదా? ఈ లెక్క మన పక్కన ఎంత లోతుగా పాతుకుపోయిందో మీకు తెలుసు. ఏడాదికి ఇన్ని శాతం అంటే ఎవరికీ ఎక్కదు, “రెండు రూపాయల వడ్డీ” అంటే చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. మీ మాట చెప్పండి.

పలమనేరు నుంచి ఒక అన్న:

ఒకటే లెక్క తమ్ముడూ, సందేహం లేదు. అయితే నువ్వు అనుకున్నదానికంటే ఆ పోలిక కఠినంగా ఉంది. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. మన ఊళ్ళలో అది దయగల వడ్డీ, చుట్టాలకిచ్చేది. రెండు రూపాయలంటే 24, మూడంటే 36, అయిదంటే 60. నెహెమ్యా కోపగించి తిరిగి ఇచ్చేయమన్నది ఆ దయగల వడ్డీని! ఇక బ్యాంకు ఏడు శాతం ఇస్తే మన లెక్కలో నూటికి అరవై పైసలు కూడా రాదు. మీ పిన్నమ్మకు ఈ ముక్క చెప్పు.

చిత్తూరు నుంచి ఒక పెద్దాయన:

పన్నుల మాట కూడా వచ్చింది కాబట్టి నా బాధ ఒకటి చెప్పుకుంటాను. నేను పన్నుల శాఖలో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేసి రిటైరయినాను. ఒక చర్చిలో ఒక బోధకుడు, బైబిల్లో పాపులతో జతచేసి చెప్పే ‘సుంకరి అంటే మన టాక్స్ ఆఫీసరే’ అని చెప్పినాడు, నేను ముందు వరసలో ఉన్నాను. నా మనవరాలు ఇంటికొచ్చి “తాతా, నువ్వు సుంకరివా?” అని అడిగింది. ఎవరి సొమ్మూ ముట్టని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భాషాపరంగా అది సరేనా?

తిరుపతి నుంచి (మొదటి పోస్టు రాసినవాణ్ణి):

సరి కాదు పెద్దనాన్నా. మన తెలుగు బైబిలే మీ పక్షాన ఉంది. లూకా 19లో జక్కయ్యను ఏమన్నారో చూడండి: ‘సుంకపు గుత్తదారుడు’. ‘గుత్త’ అన్న మాటను చిత్తూరు జిల్లావాడికి విడమరచి చెప్పాలా? పూత మీద ఉన్న మామిడితోటను గుత్తకు తీసుకున్నవాడు తోటాయనకు ఒక మొత్తం ముందే ఒప్పుకుంటాడు. ఆ తర్వాత కాయ ఎంత దిగితే అంత అతనిది. గాలివానకు రాలితే నష్టం కూడా అతనిదే. చింతచెట్లకూ అంతే, చెరువులో చేపలకూ అంతే. రోము పాలనలో సుంకాల వసూలు ఇలాగే జరిగేది. ఇంత కడతానని ఒప్పుకుని హక్కు తీసుకునేవాడు, పైన ఎంత పిండితే అంత మిగులు. మామిడికాయకు నొప్పి ఉండదు, అక్కడ పిండింది మనుషులను. అందుకే జక్కయ్య పేరు పక్కనే ‘ధనవంతుడు’ అని వస్తుంది, అందుకే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని తనంతట తాను అన్నాడు. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, లూకా 3లో ఉంది.

మీరు జీతానికి పనిచేసినారు. వసూలు ఎంతయినా మీ జీతం అంతే. మీరు గుత్తదారుడు కాదు. ఆ మాట పెట్టిన అనువాదకుల చెవి ఎంత మంచిదో! ‘అధికారి’ అని పెట్టి ఉంటే మనం జక్కయ్యను ఇంతగా అర్థం చేసుకోలేకపోయేవాళ్ళం.

ఇంకొకటి. రోమా 13:7లో “ఎవనికి పన్నో వానికి పన్నును, ఎవనికి సుంకమో వానికి సుంకమును” అని రెండు మాటలున్నాయి. గ్రీకులోనూ రెండే: భూమి మీద, తల మీద వేసేది ‘ఫోరోస్’, సరుకు మీద దారిలోనో రేవులోనో వేసేది ‘తెలోస్’. సుంకరికి గ్రీకు మాట రెండోదాని నుంచే పుట్టింది. మనకూ ‘శుల్కం’ నుంచి వచ్చిన ‘సుంకం’ నుంచే ‘సుంకరి’ పుట్టినాడు. యేసు పిలిచినప్పుడు శిష్యుడు మత్తయి కూర్చున్నది కూడా ‘సుంకపు మెట్టు’ దగ్గర. ఇప్పటికీ పత్రికల్లో కస్టమ్స్ సుంకం, ఎక్సైజ్ సుంకం, ఆదాయపు పన్ను అనే రాస్తారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ‘వస్తు సేవల పన్ను’ అయినాక మాత్రం ఆ గీత కొంత చెరిగింది.

పుత్తూరు నుంచి ఒక అక్క:

‘పన్ను’ సంగతి మీరెవరూ ఎత్తలేదే. నోట్లో పన్నూ సర్కారు పన్నూ ఒకటేనా? హీబ్రూలో వడ్డీ కరుస్తుంది అన్నారు, మనకు పన్ను కరుస్తుందా?

తిరుపతి నుంచి:

రెండూ వేరు మాటలు అక్కా. బహువచనం చేస్తే తెలిసిపోతుంది. నోట్లోవి పళ్ళు, మన పక్క పండ్లు. సర్కారువి పన్నులు. ‘పన్నులు తోముకున్నావా’ అని ఎవరూ అనరు కదా. నోటి పన్ను తమిళం ‘పల్’కు తోబుట్టువు. కలిసింది ఏకవచనంలో మాత్రమే. హీబ్రూలో అలా కాదు, అక్కడ వడ్డీకీ కాటుకూ ధాతు సంబంధమే ఉంది.

శ్రీకాళహస్తి నుంచి ఒక చెల్లెలు:

అన్నా, నాదొక మామూలు ప్రశ్న. చర్చికిచ్చే పదో వంతు, అదే దశమభాగం, లెక్కపెట్టేటప్పుడు పన్ను కోయకముందు జీతం మీదనా, చేతికొచ్చినదాని మీదనా? మా ఇంట్లో ప్రతి నెలా ఇదే వాదం. చర్చి ఇచ్చే రసీదు పన్ను లెక్కలో పనికొస్తుందా అనేది రెండోది.

తిరుపతి నుంచి:

మాట వరకు చెప్తానమ్మా. లేవీయకాండంలో దశమభాగం భూఫలం మీద, అంటే కళ్ళంలో కొలిచిన గింజ మీద, చెట్టు కాయ మీద. జీతం చీటీ, మూలంలో కోత, ఇవేవీ ఆ మాట పుట్టినప్పుడు లేవు. సామెతలు 3:9లో ‘రాబడి అంతటిలో ప్రథమఫలము’ అని ఉంది. ‘అంతటిలో’ అన్నదాన్ని పట్టుకుని కోతకు ముందు అని చెప్పేవాళ్ళున్నారు. ‘రాబడి’ అంటే వచ్చిపడేది, చేతికి రానిది రాబడి ఎలా అవుతుందని అడిగేవాళ్ళూ ఉన్నారు. మాటను పిండి నియమం తీయడం నాకు ఇష్టం లేదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నట్టు వారు ఇవ్వాలని ఉంది. మీ ఇద్దరూ కూర్చుని నిశ్చయించుకోండి, వాదం ఆపండి.

రసీదు సంగతి తేలిక. ఆదాయపు పన్నులో 80జి అని మనం పిలిచే మినహాయింపు, దానికి నమోదైన ధర్మసంస్థలకు ఇచ్చినదానికే. ఒక మతం వాళ్ళ కోసమే అన్న సంస్థకు అది రాదు. 2000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు. నువ్వు కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే లేదు.

పలమనేరు అన్న మళ్ళీ:

తలాంతుల ఉపమానం ఎత్తినావు కాబట్టి ఒక మాట. మన చర్చిల్లో ‘తలాంతు’ అంటే పాడే నేర్పు, వాయించే నేర్పు అయిపోయింది. అది తూకం కదా, ఎంత సొమ్ము?

తిరుపతి నుంచి:

సుమారు ఆరువేల దేనారాలని లెక్క. ఒక దేనారం ఒక రోజు కూలి అని మత్తయి 20లోనే ఉంది. అంటే ఇరవై ఏళ్ళ దాకా కూలి. ఒక్క తలాంతు పుచ్చుకున్నవాడిది కూడా చిన్న మొత్తం కాదు. నేర్పు అనడానికి అదే వచనంలో ‘ఎవని సామర్థ్యము చొప్పున వానికి’ అని వేరే మాట ఉంది. సామర్థ్యాన్ని చూసి తలాంతు ఇచ్చినాడు, సామర్థ్యాన్నే తలాంతుగా ఇవ్వలేదు.

పుత్తూరు అక్క:

మీ పిన్నమ్మకు చివరికి ఏం చెప్పినారు? ఆమె గురించే చదువుతా ఉన్నాను.

తిరుపతి నుంచి:

నిన్న సాయంత్రం వాళ్ళింటికి పోయినాను అక్కా. ఫిక్స్‌డ్ వడ్డీ బీదవాణ్ణి కరిచేది కాదు, సాహుకారు దగ్గర ఉంచిన సొమ్ముకొచ్చేది, నిశ్చింతగా మందులు కొనుక్కో అన్నాను. ఏడాదికి ఇరవై ఎనిమిది వేలు వస్తుంది. ఆమె వయసువాళ్ళకు ఒక బ్యాంకులో వడ్డీ లక్ష దాటితే గాని టీడీఎస్, అంటే మూలంలోనే పన్ను, పట్టుకోరని, 2025 ఏప్రిల్ నుంచి ఆ లెక్కని కూడా చెప్పినాను. తల ఊపింది గానీ ముఖం తేటపడలేదు.

నెహెమ్యా 5 చదవమనింది. చదివినాను. ‘కుదువ’ దగ్గర ఆపింది. “కుదవ అంటే మన కుదవేనా?” అనింది. అవునన్నాను. లేచి బీరువా తెరిచి చిన్న గుడ్డమూట తెచ్చి మంచం మీద పెట్టింది. పక్క వీధిలో ఇండ్లలో పనిచేసే అమ్మాయి కమ్మలు. కొడుకు ఆపరేషన్‌కని ఇరవై వేలు అడిగితే, నూటికి రెండు రూపాయల లెక్కన కమ్మలు కుదవ పెట్టుకుని ఇచ్చిందట. పధ్నాలుగు నెలలయింది. నెలకు నాలుగు వందలు తప్పకుండా కట్టిందట ఆ అమ్మాయి. ఇన్నాళ్ళూ ఆమె అడగాలనుకున్నది బ్యాంకు వడ్డీ గురించి కాదు.

“అయిదువేల ఆరు వందలు” అని ఆమె తనే లెక్క చెప్పింది. తర్వాత, “వాళ్ళు ఆ నూరవ భాగం తిరిగి ఇచ్చినారా?” అని అడిగింది. పన్నెండో వచనం చదివినాను. ఇచ్చేస్తామని ఒప్పుకున్నారని అందులో ఉంది.

పేరు లేకుండా ఈ సంగతి గుంపులో రాయమని ఆమే చెప్పింది. ఈ పొద్దు పొద్దున్నే ఆ మూట చేతపట్టుకుని పక్క వీధికి పోయింది.