ఇరవై నిమిషాలకే నెమ్మదించే పాత స్పూల్ టేప్ రికార్డర్: మోటారు విప్పాలా?

మా ఇంట్లో పాత జపాన్ స్పూల్ టేప్ రికార్డర్ ఉంది. బెల్టుతో నడిచే ఒకే మోటారు మోడల్. ఆన్ చేసిన పదిహేను, ఇరవై నిమిషాలు చక్కగా పాడుతుంది. ఆ తర్వాత స్పీడు తగ్గి గొంతు బొంగురుపోతుంది. సెకనుకు 19 సెంటీమీటర్ల స్పీడులో 5 మీటర్ల 70 సెంటీమీటర్ల టేపు 30 సెకన్లలో వెళ్లాలి కదా. టేపు మీద రెండు గుర్తులు పెట్టి చూశాను. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా 30, వేడెక్కాక 34 సెకన్లు.

కొత్త బెల్టు వేశాను. హెడ్లు, రబ్బరు రోలరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. మోటారు కెపాసిటర్ అదే విలువది మార్చాను. మోటారు పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) మన 50 హెర్ట్జ్ కరెంటుకు తగిన వైపే ఉంది, కరెంటు 230 వోల్టుల దగ్గరే నిలకడగా ఉంది. వేరే టేపు పెట్టినా అంతే.

నిన్న బెల్టు తీసేసి చూశాను. ఫ్లైవీల్ (స్పీడును నిలకడగా ఉంచే బరువైన చక్రం) వేలితో తిప్పితే చాలాసేపు తిరుగుతోంది. మోటారు షాఫ్ట్ మాత్రం, చల్లగా ఉన్నప్పుడు స్విచ్ ఆపాక ఏడెనిమిది సెకన్లు తిరిగేది, వేడి మీద టక్కున ఆగిపోతోంది. బేరింగ్ దగ్గర గోధుమ రంగు జిగురు కనిపిస్తోంది. వైజాగ్ ఉప్పుగాలికి లోపల తుప్పు కూడా ఉందేమో. పూర్ణా మార్కెట్ వైపు అడిగితే ఈ మెషిన్లు ఎవరూ ముట్టుకోవడం లేదు. మా తాతగారి హరికథ ఉన్నది ఒక్క టేపులోనే, అందుకే తొందరపడి పాడుచేయాలని లేదు.

ఇలాంటి కంచు బుష్ బేరింగ్‌లో (షాఫ్ట్ తిరిగే కంచు గొట్టంలో) గట్టిపడిన పాత నూనెను మోటారు విప్పకుండానే శుభ్రం చేయవచ్చా, లేక షాఫ్ట్ బయటికి తీయాల్సిందేనా?